పెయింట్ డబ్బాలో పుంటికూర

మా ఇంట్లో కాలు నిలవనిది నా ఒక్కడికే కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన అయ్యాక మా తాత గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి పోయాడు, నాన్న బొంబాయి, పూనా తిరిగాడు. పాలమూరు లేబర్ అంటే తట్టపని ఉన్న ప్రతిచోటా తెలిసిన పేరే కదా. మాది మక్తల్ దగ్గర పల్లె. కృష్ణ అంత దూరమేం కాదు, కానీ మా చెలకకు వాన పడితేనే తడి. నేను ఐటీఐ చేసి ఏసీ మెకానిక్‌గా దుబాయి వచ్చాను. తొమ్మిదేళ్లలో నాలుగు కంపెనీలు మారాను. జీతం కోసమని ఇంట్లో చెప్పేవాణ్ని గానీ నిజంగా జీతం కోసం మారింది ఒక్కసారే, మూడు నెలల డబ్బులు ఆపితే. మిగతావన్నీ ఊరికే. రెండేళ్లు నిండేసరికి ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది, అంతే.

2023 అక్టోబరులో అమ్మ పంపిన పచ్చడి డబ్బా కింద ఓ గుడ్డముక్క మూట దొరికింది. విప్పితే పుంటికూర గింజలు, అదే గోంగూర. ఎవరితో పంపిందో ఎందుకు పంపిందో అడగలేదు. రూములో ఎనిమిది మందిమి, నా కింది మంచంలో ఉండేది నల్గొండ జిల్లా మర్రిగూడ నుంచి వచ్చిన అన్న. ఆయనే ఎక్కడినుంచో ఖాళీ పెయింట్ డబ్బాలు తెచ్చి, మేకు కాల్చి అడుగున బొక్కలు పెట్టాడు. మట్టి కొనాల్సి వచ్చింది, ఇక్కడున్నది ఇసుక. మట్టి కూడా డబ్బులిచ్చి కొంటారా అని అమ్మ ఫోన్లో నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

నీళ్ల సంగతి నాకు తెలుసు కదా అనుకున్నాను. ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కు గాలిలోని తేమ తగిలి నీళ్లవుతుంది, ఉక్కపోత రోజుల్లో ఒక్క పైపు కిందే బకెట్లు నిండుతాయి. ఆ పైపు పక్కనే డబ్బాలు పెట్టాను. రెండు రోజుల్లో మొలకలు మాడిపోయాయి! ఔట్‌డోర్ యూనిట్ వదిలే వేడిగాలి సరిగ్గా వాటి మొహం మీదకే కొడుతోంది. ఏసీ మెకానిక్‌నై ఉండి అది చూసుకోలేదు, రూమంతా వారం రోజులు నవ్వారు.

రెండోసారి డబ్బాలు దూరంగా జరిపి, నీళ్లు సన్నపైపుతో చుక్కచుక్కగా పడేట్టు పెట్టాను. ఇది నా తెలివేం కాదు, 2018లో మా మహబూబ్‌నగర్‌లోని పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు కదా, ఆ వీడియో అప్పట్లో ఎన్నిసార్లు చూశానో. మర్రిగూడ అన్నకు మాత్రం ఏ నీళ్లన్నా అనుమానమే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన చిన్నాన్న ఉన్నాడు ఆయనకు. "తమ్మీ, గీ నీళ్లల్ల ఏం సత్తువ ఉంటది?" అన్నాడు. నిజమే, గాలి నుంచి దిగిన నీళ్లలో ఉప్పులూ లవణాలూ ఏం ఉంటాయి. అందుకని చాయ్‌పత్తి, ఉల్లిపొట్టు ఎండబెట్టి వేసేవాళ్లం.

మొక్క మోకాలెత్తు కూడా రాలేదు, డిసెంబరులో పూత పట్టింది. లేత పసుపు పువ్వు, నడుమ ముదురు ఎరుపు. నేను మురిసిపోయి ఫొటో పంపితే అమ్మ తిట్టింది. "తొలకరికి పెట్టే కూరను చలికాలం పెడితె పూతకు రాక ఏం జేస్తది బిడ్డా? పొద్దు కురచయితె అది కాయకే ఉరుకుతది." ఆకు కావాలంటే పొద్దు పెరిగేటప్పుడు పెట్టమంది. కాయలు ఎండనిచ్చి, ఆ గింజలే మార్చిలో చల్లాను.

2024 ఏప్రిల్ 16 దుబాయి వాన గుర్తుండే ఉంటుంది, 75 ఏళ్లలో అంత వాన చూడలేదన్నారు. గల్లీలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, చెప్పులు తేలిపోతున్నాయి. నేను పాస్‌పోర్ట్ కవరు చొక్కాలో దోపుకుని డబ్బాల కోసం బయటికి పరిగెత్తాను. ఐదు డబ్బాలు నా పై మంచం మీదికెక్కించాం. ఆ రాత్రి నాకు పడుకునే చోటు లేదు, బురదనీళ్లు అన్న దుప్పటి మీద కారుతున్నాయి, ఆయన ఒక్క మాట అనలేదు. పది రోజులకు ఆకు తెంపి పప్పులో వేస్తే ఎనిమిది మందికి తలా రెండు ముద్దలు వచ్చింది. పులుపు కొంచెం తక్కువే, అయినా ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ రూలు. మునుపు ఆ రెండున్నర గంటలూ నీడలో కూచుని ఫోన్లో వేరే కంపెనీల ఖాళీలు వెతికేవాణ్ని. ఇప్పుడు నైట్ డ్యూటీ చేసి పడుకున్న అన్నను ఫోన్ చేసి లేపి, పైపు మూసుకుపోలేదు కదా, ఆకు వాడలేదు కదా అని అడుగుతున్నాను. ఆయన తిడతాడు, కానీ లేచి చూస్తాడు.

మొన్న ఒక కంపెనీ నుంచి ఫోను, 400 దిర్హాములు ఎక్కువ ఇస్తామని. క్యాంపులో రూముల వెనక గల్లీ ఉందా, పొద్దుటి ఎండ ఏ పక్క పడుతుంది అని అడిగాను. అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. ఆదివారంలోగా ఏ సంగతో చెప్పమన్నాడు. ఆదివారం డబ్బాల్లో మట్టి మార్చే పని ఉంది.