వేలితో తట్టే అద్దం

ఇంగ్లండ్‌లో విమానాల మీటర్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో నా పని. చేరిన కొత్తలో ఒక పెద్దాయన తన గ్లైడర్‌లోంచి, అంటే ఇంజన్ లేని విమానంలోంచి, ఎత్తు చూపే ఆల్టిమీటర్ విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది తప్పు చూపిస్తోంది" అన్నాడు. అనుమతి లేకుండా వెళ్లకూడని కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ కిందే ఉన్నానని ఆయన నమ్మకం. ప్రయాణాన్ని నమోదు చేసే లాగర్ రికార్డు చూస్తే 190 అడుగులు లోపలికి వెళ్లాడు.

ఆల్టిమీటర్ నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. లోపల గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీ ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ అది ఉబ్బి, పళ్లచక్రాలతో ముల్లును తిప్పుతుంది. ఛాంబర్‌లో పెట్టి ఒత్తిడి తగ్గిస్తూ పోయాను. అదురు పుట్టించే వైబ్రేటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ బుద్ధిగా నడిచింది. ఆపేసి చూస్తే 6,100 దగ్గర 40 అడుగులు వెనకబడింది. ఇంజన్ ఉన్న విమానంలో ఆ అదురుకే ముల్లు కదిలిపోతుంది, గ్లైడర్‌లో అదురెక్కడిది? అందుకే గ్లైడర్ నడిపేవాళ్లు అద్దం మీద వేలితో తడుతుంటారు. నేను మొదట అది చాదస్తం అనుకునేవాణ్ణి.

సరే, 40 దొరికింది. మిగతా 150?

రెండు రోజులు టెన్షన్. నా టెస్టే తప్పేమోనని మూడుసార్లు చేశాను. చివరికి ఫోన్ చేసి, ఆ రోజు ప్రెషర్ ఎంతని అడిగా. 993 మిల్లీబార్లట, ఆల్టిమీటర్ డయల్‌లో అదే సెట్ చేసుకున్నాడట. ఎయిర్‌స్పేస్ మొదలయ్యేది మాత్రం ఫ్లైట్ లెవల్ 65 నుంచి. అంటే 6,500 అడుగులే, కాకపోతే ప్రామాణిక ఒత్తిడి 1013 సెట్ చేసినప్పుడు కనిపించే 6,500. లాగర్ రాసేదీ ఆ 1013 లెక్కలోనే. ఒక్కో మిల్లీబార్‌కు సుమారు 27 అడుగులు, 20 తేడాకి దాదాపు 550. తక్కువ ప్రెషర్ సెట్ చేస్తే ముల్లు అంత తక్కువ చూపిస్తుంది. ఆయన డయల్ మీద హద్దు 5,950కే వచ్చేసింది. ఆయనేమో 6,100 చూసి, ఇంకా 400 ఉందిలే అనుకున్నాడు.

కొత్త ఉద్యోగిని, ఎదురుగా నాన్న వయసు మనిషి. తప్పు మీదేనండీ అనడానికి నోరు రాలేదు. లెక్క కాగితం మీద వేసి ఆయన వైపు జరిపాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు కూడి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. ఆల్టిమీటర్ చేతిలోకి తీసుకుని అద్దం మీద టక్కున తట్టాడు.

సర్టిఫికెట్‌లో ముల్లు తేడా 40 అని రాశాను. 150కి అందులో గడి లేదు.