దివాన్ దేవిడీ నుంచి దారుల్‌షిఫా దాకా

శుక్రవారం హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, శని ఆదివారాల్లో జనం విరగబడతారు. కాబట్టి వారం మధ్యలోనే వెళ్లాలని ఖమ్మంలో బయలుదేరేటప్పుడే అనుకున్నాను. శాతవాహన ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం కావచ్చింది. స్టేషన్ బయట ఒక ఆటో అతను అఫ్జల్‌గంజ్‌కు అడిగిన డబ్బు, నేను ఖమ్మం నుంచి రావడానికి రైలుకు పెట్టినదానికంటె ఎక్కువ. బేరమాడే ఓపిక లేక సిటీ బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. టికెట్టు సున్నా అయితే నిలబడే చోటు కూడా దాదాపు సున్నాయే. ట్యాంక్‌బండ్, ఆబిడ్స్, కోఠి అన్నీ ఎవరో ఒకరి మోచేతి సందులోంచి చూడవలసి వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో దిగి నయాపూల్ దాటుతుంటే ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు, మధ్యలో నురగలు కక్కుతూ మూసీ. 1908 సెప్టెంబరులో ఊరినంతా ముంచెత్తిన నది ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

చిన్నప్పుడు బడి విహారయాత్రలో వచ్చిన పిల్లలందరిలాగే నేనూ గడియారం చూశాను, మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను చూశాను, వరుసలో నడిచి బయటికి వచ్చాను. ఈసారి వచ్చింది వాటికోసం కాదు. ఈ వస్తువులన్నీ ఒకప్పుడు ఒక మనిషి ఇంట్లో ఉండేవన్న సంగతిని మనసులో పెట్టుకుని చూడాలనిపించింది. ఆ మనిషి ఏం కొన్నాడు, ఎందుకు కొన్నాడు, అవి ఆయన ఇంట్లోంచి కదిలి దేశానికి ఎలా చెందాయి అన్నది తెలుసుకోవాలనిపించింది. దీనికొక ఇంటి కారణమూ ఉంది. మా ఇంట్లో సాలార్‌జంగ్ అన్న పేరు మ్యూజియం కంటె ముందు భూమి కాగితాలతో ముడిపడి ఉంది. తాతగారి ట్రంకుపెట్టెలో సేత్వార్, ఖాస్రా, పహాణీ నకళ్లు ఉర్దూలో ఉండేవి. వాటిని చదవగలిగినవారు ఊళ్లో తగ్గిపోతున్నకొద్దీ ఇంట్లో వాటిమీద భక్తి పెరిగింది. ఈ సర్వేలూ జిల్లాలూ ఎప్పుడు మొదలయ్యాయని అడిగితే, తాతగారు తారీఖు చెప్పకుండా "సాలార్‌జంగ్ కాలం" అని ఊరుకునేవారు.

తాతగారు చెప్పిన సాలార్‌జంగ్ వేరు, మ్యూజియం సాలార్‌జంగ్ వేరు. మొదటివాడు మీర్ తురాబ్ అలీఖాన్. 1853 నుంచి 1883లో చనిపోయేదాకా నిజాం సంస్థానానికి దివాను, అంటే ప్రధానమంత్రి. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తీసివేసి, 1865లో జిలాబందీ, అంటే జిల్లాల విభజన, చేసి, మన తాలూకాలకూ జిల్లాలకూ ఒక రూపం ఇచ్చినవాడు ఆయన. ఆయన కొడుకు మీర్ లాయక్ అలీఖాన్ రెండో సాలార్‌జంగ్. మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్ మూడో సాలార్‌జంగ్. 1889 జూన్‌లో పుణెలో పుట్టిన ఈ మనవడికి నెల నిండకముందే తండ్రి పోయాడు. ఇరవై మూడేళ్ల వయసులో, 1912లో, ఏడో నిజాం ఆయనను దివానుగా నియమించాడు. 1914లోనే ఆ పదవి పోయింది. ఆ తరువాత మిగిలిన ముప్పై అయిదేళ్లు ఆయన వస్తువులు పోగుచేశాడు. పెళ్లి చేసుకోలేదు. దేశదేశాల వ్యాపారులు సామాను పట్టుకుని ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి వచ్చేవారు. విదేశాల నుంచి కొనిపంపే ఏజెంట్లు వేరే ఉండేవారు.

వ్యవస్థాపకుని గ్యాలరీలో నేను ఉన్నంతసేపూ ఎవరూ ఆగి నిలబడలేదు. దానిని ముందుకు పోయే దారిగానే వాడుకుంటున్నారు. కుటుంబం చిత్తరువులు, ఫోటోలు, పాత మేజాలూ కుర్చీలూ, దర్జాగా కుట్టిన దుస్తులు అక్కడ ఉన్నాయి. సందర్శకులకు అవి ఎవరివో పెద్దింటి పటాలు, అంతే. ఒక తండ్రి తన కొడుకుతో "రాజుగారి బట్టలు, పద పద" అనడం వినిపించింది. ఆయన రాజు కాడు, రాజుకు మంత్రి అని చెబుదామనిపించింది గాని, ఆ పిల్లవాడు అప్పటికే గుమ్మం దాటేశాడు.

ఆ గదిలో నాలాగే ఆగిన ఇంకొకరు తెల్ల లాల్చీ పైజామా వేసుకున్న ఒక పెద్దాయన. అద్దాలు నుదుటిమీదికి తోసుకుని, ఒక పటం కింద ఉన్న ఉర్దూ రాతను పెదవులు కదుపుతూ చదువుతున్నారు. నేను పక్కన నిలబడి చూస్తుంటే తిరిగి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. ఖమ్మం అని చెప్పాను. "ఇదంత ఈయననే కొన్నడనుకుంటరు అందరు. తాత కొన్నయి గూడ ఉన్నయి. ఆ ముసుగు బొమ్మ తాతదే. మీరు దేవిడీ సూసిండ్రా?" లేదన్నాను. "ఇప్పుడంత బట్టల దుకాన్లే. దర్వాజాలు మిగిలినయి." తాను పుట్టిందీ పెరిగిందీ చత్తాబజార్ దగ్గరేనని, మనవరాలికి బడి ప్రాజెక్టు ఉందంటే వివరాలు రాసుకోవడానికి వచ్చానని చెప్పారు. చేతిలో ఉన్న నోటు పుస్తకంలో సగం తెలుగు, సగం ఉర్దూ. మనవరాలు ఎక్కడని అడిగితే గడియారం దగ్గరికి పోయిందన్నారు.

ముసుగు బొమ్మ గురించి ఆయన చెప్పినది నిజమే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి రెబెకాను 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. మ్యూజియం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వస్తువు మ్యూజియం వ్యవస్థాపకుడు కొన్నది కాదన్నమాట. నిజానికి ఇది మూడు తరాల పోగు. తాత కొన్నది దివానుగా, ఐరోపా దర్బారుల్లో హైదరాబాదు మర్యాద నిలబెట్టడానికి. మనవడు కొన్నది పదవి పోయాక, తన ఇష్టం కొద్దీ. ఈ తేడా తెలిశాక గదులు వేరుగా కనిపించసాగాయి. ముందునుంచి చూస్తే ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, వెనుక అద్దంలో అదే కథలోని మార్గరెటా కనిపించే జంట కొయ్యబొమ్మ, టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ పంపాడని మ్యూజియం చెప్పే దంతపు కుర్చీలు, జహంగీర్, నూర్జహాన్‌ల పేర్లతో చూపే కత్తులు అన్నీ గొప్పవే, కాదనను. అయితే వాటి ముందు ఫోన్లు పట్టుకున్న చేతులు ఎంత దట్టంగా ఉన్నాయంటే, నేను చూసింది వాటిని కాదు, ఆ ఫోన్లలో వాటి బొమ్మలను.

గడియారం సంగతీ అంతే. కుక్ అండ్ కెల్వీ కంపెనీది అది. గంటకు మూడు నిమిషాల ముందు గడ్డం మనిషి బయటికి వచ్చి గంట కొట్టడానికి సిద్ధమవుతాడు. మరో మూల ఒక కమ్మరి సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. దాని ముందు వేసిన బెంచీలు నిండిపోయాయి. పెద్దాయన మనవరాలు ముందు వరుసలో కూర్చుని, గంట కొట్టగానే వెనక్కి తిరిగి, "తాతా, రాస్కున్నవా?" అని అరిచింది. ప్రాజెక్టు ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది బిద్రీ సామాను. ఒక హుక్కా కుండ నల్లగా, కాటుక డబ్బా లోపలి అంచులా మెరుస్తోంది. దానిమీద వెండి తీగతో పొదిగిన చిన్న పువ్వులు, రేకుకూ రేకుకూ మధ్య వెంట్రుక పట్టేంత నలుపు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, ఉలితో గాడి తీసి, ఆ గాడిలో వెండిని కొట్టి కూరుస్తారు. ఆ తరువాత బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఈ కుండ తయారైననాడు బీదర్, హైదరాబాద్ ఒకే ఏలుబడిలోవి. 1956 నవంబరు 1న బీదర్ అప్పటి మైసూరు రాష్ట్రానికి పోయింది, ఔరంగాబాద్ బొంబాయికి పోయింది, మా ఖమ్మం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఇక్కడి అద్దాల పెట్టెల్లో మాత్రం బీదర్ లోహమూ ఔరంగాబాద్ పట్టూ ఇంకా ఇరుగుపొరుగు వస్తువులే. ఒక సంస్థానం పటంలోంచి పోయాక, దాని విస్తీర్ణం ఎంతో ఇలాంటి సామాను చూస్తేనే కొంత తెలుస్తుంది.

ఇది జాతి సంపద ఎలా అయిందో తలచుకుంటే, అందులో ఎవరి దూరదృష్టీ అంతగా కనిపించదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. ఆరు నెలలు తిరగకుండానే, 1949 మార్చి 2న, మూడో సాలార్‌జంగ్ కన్నుమూశాడు. నేరుగా వారసులు లేరు. వస్తువులు వేర్వేరు భవనాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. అప్పటి పరిపాలకుడు వెల్లోడి కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వాటిని ఒకచోట అమర్చమన్నాడు. 1951 డిసెంబరు 16న, దేశమంతా తొలి సార్వత్రిక ఎన్నికల హడావిడిలో ఉండగా, నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచాడు. ఎస్టేటు కమిటీ నడుపుతూ వచ్చిన దానిని బంధువులైన వారసులు 1958లో హైకోర్టు డిక్రీ ఆధారంగా చేసుకున్న రాజీ ఒప్పందం ద్వారా భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో సామానంతా ఇప్పుడు నేను తిరుగుతున్న ఈ దారుల్‌షిఫా భవనానికి వచ్చింది. ఒక బ్రహ్మచారి మరణం, బంధువుల దావా, కోర్టు రాజీ, ఆ మీదట ఒక చట్టం: ఈ వరుసలోనే ఇది దేశానికి చెందింది. మా తాతగారి తరం భారత పౌరులైనదీ ఇలాగే, ఎవరూ వారిని అడగకుండా, అయిదు రోజుల సైనిక చర్య తరువాత. అందుకే కాబోలు, స్వాతంత్ర్యోద్యమ చిత్రాలు వేలాడదీసిన గదుల్లో నాకు కలగని చుట్టరికం ఇక్కడ కలిగింది.

ఇంకొక తేదీ నన్ను వదలలేదు. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం మొదలైనది 1949 ఆగస్టు 15న. లండన్‌లో జరిగిన భారతీయ కళా ప్రదర్శనకు పంపిన వస్తువులు తిరిగొచ్చాక, వాటితో రాష్ట్రపతి భవన్‌లో దానిని ప్రారంభించారు. హరప్పా, మౌర్యులు, గుప్తులు అంటూ దేశం తన పూర్వాన్ని తాను చెప్పుకోవడానికి కట్టుకున్న మ్యూజియం అది. సరిగ్గా అదే రోజున హైదరాబాదులో జాగీర్ల, అంటే శిస్తు అనుభవించడానికి నిజాం ఇచ్చిన గ్రామాల, రద్దు అమలులోకి వచ్చింది. సాలార్‌జంగ్ వంశం పెద్ద జాగీర్దారు వంశం. ఐరోపా గడియారాలకూ చైనా పింగాణీకీ జపాన్ పట్టుకూ చెల్లించిన సొమ్ము ఎక్కడిదని అడిగితే, జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తు అని చెప్పక తప్పదు. బ్రిటిష్ వాళ్లు మన సొత్తు పట్టుకుపోయారని బాధపడే మనకు, ఒక హైదరాబాదీ ఐరోపా సామానును డబ్బిచ్చి కొని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడంటే లోపల కొంత గర్వం కలుగుతుంది. నాకూ కలిగింది. కాని ఆ డబ్బు కట్టినవాడి పేరు ఎక్కడుందని వెంటనే అనిపించింది. నేను చూసినంతలో ఏ అద్దం పెట్టె పక్కనా ఏ ఊరి పేరూ కనబడలేదు.

శిల్పాల గదిలో మాత్రం మా వైపు ఊరి పేరు కనబడింది. నేలకొండపల్లి నుంచి వచ్చిన బుద్ధుడు, మూడో శతాబ్దం నాటివాడు, నిలబడి ఉన్నాడు. నేలకొండపల్లి అనగానే మా వాళ్లకు భక్త రామదాసు పుట్టిన ఊరు. ఊరి బయటి స్తూపం దగ్గరికి మేమే ఎప్పుడో గాని పోము. పెద్దాయనను పిలిచి, ఇది మా వైపు ఊరిదని చూపించాను. ఆయన నోటు పుస్తకంలో నేలకొండపల్లి అని తెలుగులో రాసుకుని, "రామదాసును జైల్ల పెట్టింది గోల్కొండల గదా" అన్నారు. మనవరాలికి ఆ సంగతి తెలియదు. అక్కడే నిలబడి, తహసీలు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి చెరసాల పాలైన తహసీల్దారు కథ మొత్తం చెప్పవలసి వచ్చింది. ప్రజల శిస్తు సొమ్ము గుడి అయితే చెరసాల, బొమ్మలూ గడియారాలూ అయితే మ్యూజియమా అన్న ప్రశ్న నాలో మెదిలింది గాని, పదేళ్ల పిల్ల ముందు పైకి అనలేదు.

బయట ఇరానీ చాయ్ ధర చూసి పెద్దాయన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. "మా మహల్లాకు వచ్చిండ్రు, మీరెట్ల ఇస్తరమ్మా" అన్నారు. తరువాత పట్టుబట్టి దేవిడీ వైపు తీసుకువెళ్లారు. నెహ్రూ మ్యూజియం తెరిచిన చోట ఇప్పుడు టోకు బట్టల దుకాణాలు అంతస్తుల మీద అంతస్తులుగా ఉన్నాయి. మూటలు మోసే హమాలీలు, బండ్లు, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు మధ్య పాత దర్వాజా ఒకటి నిలిచి ఉంది. ఒక మేకు నుంచి దుపట్టాల గుత్తి వేలాడుతోంది. మనవరాలు అందులో ఒక పచ్చ దుపట్టా పట్టుకుని బేరం మొదలుపెట్టింది. విడిగా అమ్మం, డజను తీసుకోవాలన్నాడు దుకాణదారు.

వ్యవస్థాపకుని గదిలో ఒక గోడమీద జాగీరు గ్రామాల పేర్లన్నీ రాసి పెడితే బాగుండునని పెద్దాయనతో అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, ఆ పేర్లన్నీ పాత దఫ్తరుల్లో ఉర్దూలోనో పార్సీలోనో ఉండే ఉంటాయని, తమ తరం పోతే వాటిని చదివేవాళ్లను వెతుక్కోవలసి వస్తుందని అన్నారు. మా తాతగారి ట్రంకుపెట్టె సంగతి అప్పుడు చెప్పాను. నకళ్లు ఉంటే ఫోటోలు తీసి పంపమని, చదివి తెలుగులో రాసి పంపుతానని చెప్పి, నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి తన నంబరు రాసి ఇచ్చారు. ఎంజీబీఎస్‌లో ఖమ్మం బస్సెక్కాక తమ్ముడికి ఫోన్ చేసి, అటకమీది పెట్టె దించి ఉంచమన్నాను.