ఆయిల్ చెమర్చే బుల్లెట్, కొత్త బోరు యెజ్డీ: బెజవాడ నుంచి శ్రీశైలం

బెజవాడ నుంచి శ్రీశైలం సుమారు 260 కిలోమీటర్లు. ఇప్పటి బండ్ల మీద కుర్రాళ్ళు పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. పాత బండ్ల మీద నేనూ మా బావా చీకటితోనే కృష్ణ మీది వారధి దాటాం. అయినా పొద్దు వాలే వేళకు గానీ సాక్షి గణపతి గుడి ముందు బండ్లు ఆపలేకపోయాం. రోడ్డు బాగానే ఉంది, మేమూ బాగానే ఉన్నాం. మధ్యలో చాలాసేపు ఒక మిరప కల్లం పక్కన వేపచెట్టు కింద కూర్చోవాల్సొచ్చింది, అంతే.

నాది 1990ల నాటి బుల్లెట్ స్టాండర్డ్ 350. నాన్న కొన్న బండి. పోత ఇనుము సిలిండరు, నాలుగు గేర్లు. గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఎవరైనా సరదాగా ఓ రౌండు వేసొస్తామంటే తాళం ఇవ్వను. అలవాటు లేనివాళ్ళు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కేస్తారు. మా బావది యెజ్డీ రోడ్‌కింగ్, 250 సీసీ టూ స్ట్రోక్. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు చేసిన బండి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కాబట్టి దాని స్పేర్ పార్టుల వేట ఒక పెద్ద పురాణం. అందులో కిక్ రాడ్డే గేరు రాడ్డు కూడా. స్టార్ట్ చేశాక అదే రాడ్డును ముందుకు తిప్పి గేర్లు వేసుకోవాలి. కొత్తగా చూసేవాళ్ళు అక్కడే ఆగిపోయి బావను ప్రశ్నలు అడుగుతుంటారు. ఆయనకు కావాల్సిందీ అదే.

పాత బండితో దూరం వెళ్ళాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని ఇంజిన్ ఇప్పించడం. నాకు దీంతో అస్సలు పడదు. వన్ టౌన్‌లో మా బండ్లు చూసే భాయ్ మాట కూడా ఇదే: "ఊరెళ్ళే ముందు ఇంజిన్ ముట్టుకోవద్దు తమ్ముడూ. ఇప్పుడున్న రోగం మనకు తెలుసు. విప్పి బిగిస్తే ఏ కొత్త రోగం వస్తదో అల్లాకే తెలుసు." నా బుల్లెట్‌కి వాల్వుల సందు సర్దే ట్యాపెట్ల మూత దగ్గర ఆయిల్ చెమర్చడం ఏళ్ళ నుంచీ ఉంది. ప్యాకింగ్ మార్చినప్పుడల్లా కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఎక్కడ కారుతుందో, ఎంత కారుతుందో తెలిసిన ఆయిల్‌తో టెన్షన్ లేదు. సీటు కింద ఒక గుడ్డ, బ్యాగులో అర లీటరు 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిల్ ఉంటే సరిపోతుంది.

బావ మాత్రం ప్రయాణానికి వారం ముందు ఆటోనగర్‌లో సిలిండర్ బోరు కొట్టించి, అంటే లోపలి గోడ కాస్త వెడల్పు చేయించి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేయించాడు. పని శుభ్రంగానే చేశారు. కానీ కొత్త పిస్టన్ బోరులో కుదురుకునే దాకా మెల్లగా తిప్పాలి, ఆ పిస్టన్ అప్పటికి బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా తప్ప ఎక్కడా తిరగలేదు.

నేను భాయ్‌తో చేయించినవన్నీ పైపైన పనులే. స్పార్కు పుట్టించే కాంటాక్ట్ పాయింట్లు గీకించి వాటి గ్యాప్ 0.35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టించాను. పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్ బాగానే ఉన్నా మార్చేసి, పాతదాన్ని స్పేర్‌గా బ్యాగులో వేసుకున్నాను. పనిచేస్తుందని తెలిసిన పాత పార్టు కన్నా నమ్మకమైన స్పేర్ లేదు, పెట్టెలోంచి తీసిన కొత్తది కూడా దానికి సాటి రాదు. ట్యాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు పుష్‌రాడ్‌ను వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఈ పని రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని కూడా చేసుకోవచ్చు. అందుకే ఈ ఇంజిన్ మీద నాకు ప్రేమ. క్లచ్ కేబుల్‌కు పక్కనే కొత్త కేబుల్ ఒకటి పరిచి, టేపుతో చుట్టి ఉంచాడు భాయ్. పాతది తెగితే రెండు చివరలు మార్చుకోవడమే, ట్యాంకు విప్పక్కర్లేదు.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన బండ్లు తయారైన రోజుల్లో ఇది లేదు. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్‌లోని ఓ రింగులు దీనికి ఉబ్బి మెత్తబడతాయి. బండి వారాల తరబడి నిలబడితే ఇథనాల్ తేమ లాగి ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇథనాల్ మండడానికి పెట్రోలుకన్నా తక్కువ గాలి చాలు. అంటే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే పాత జెట్టే ఉంచితే మిశ్రమం పలచబడి ఇంజిన్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. నేను పైపు మార్పించి, మెయిన్ జెట్ ఒక నంబరు పెద్దది వేయించి, ఆగిరిపల్లి దాకా తిప్పుకొచ్చి ప్లగ్గు రంగు చూసుకున్నాను. గోధుమ రంగులో ఉంది. తెల్లగా ఉంటే భయపడాలి.

సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాం. కార్తీకంలో శ్రీశైలం దారి బస్సులతో, కార్లతో నిండిపోతుంది, శివరాత్రికి చెప్పే పనేలేదు. ఆ మధ్యలో ఈ నాలుగు వారాలే పాత బండ్లకు అనువు, ఎండా తక్కువే. తెల్లవారుజామున బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక తంతు. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చే దాకా చూడాలి. సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డికంప్రెసర్ లివరు పట్టుకుని కొంచెం దాటించి, వదిలి, అప్పుడు నిండుగా ఒక్క తోపు. ముల్లు చూడకుండా బలంతో తొక్కేవాళ్ళకి మోకాలు దెబ్బతింటుంది.

వారధి మీద మంచు పట్టేసి కృష్ణ కనపడలేదు. మంగళగిరి, గుంటూరు, పేరేచర్ల, ఫిరంగిపురం ఒకదాని వెంట ఒకటి దాటిపోయాయి. గుంటూరులో టీ, నరసరావుపేటలో కారప్పొడీ నెయ్యీతో ఇడ్లీ. హోటలు ముందు బండ్లు ఆపగానే ఎవరో ఒకరు వచ్చి "ఎంతిస్తది?" అని మైలేజీ అడగడం మామూలే. బుల్లెట్‌ను నేను 60 దగ్గరే ఉంచుతాను. దీని స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, బోరు 70. తక్కువ వేగంలో లాగడానికి పుట్టిన ఇంజిన్ అది. 80 మీద గంటసేపు తిప్పితే వణుకుకి నట్లు ఒక్కొక్కటీ వదులవుతాయి.

బావకి 60 ఆనలేదు. వినుకొండ దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపించింది. (వినుకొండ జాషువా గారి పుట్టినూరు. వెళ్తూ ఊళ్ళో ఆగుదామని నేను, వచ్చేటప్పుడు చూద్దామని బావ. వచ్చేటప్పుడు ఆ దారినే రాలేదు.) బావ నన్ను దాటి ముందుకెళ్ళిపోయాడు. కాసేపటికి చూస్తే రోడ్డు పక్కన బండి దిగి నిలబడి ఉన్నాడు, మొహంలో రక్తం లేదు. ముందు ఇంజిన్ గొంతు బరువెక్కిందట, ఆ వెంటనే కిర్రుమని వెనక చక్రం పట్టేసిందట. అలవాటు కొద్దీ చెయ్యి క్లచ్ మీదకు పోబట్టి పడలేదు.

పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ ఇనుము. వేడికి పిస్టన్ త్వరగా ఉబ్బుతుంది. బోరు కొత్తది కావడంతో మధ్యలో సందు తక్కువ. టూ స్ట్రోక్ బండికి విడిగా ఇంజిన్ ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే దిక్కు. దానికి తోడు పాత జెట్టు, వెనక లగేజీ, ఒకే ఊపులో 70. ఇవన్నీ కలిస్తే ఏ మంచి మెకానిక్ కట్టిన ఇంజిన్ అయినా పట్టేస్తుంది. ఇందులో బోరు కొట్టినవాళ్ళ తప్పు ఏమీ లేదు.

పక్క కల్లంలోంచి పెద్దాయన ఒకరు వచ్చారు. "ఏందబ్బాయా, బండి పట్టేసిందా? నీళ్ళు మాత్రం పొయ్యమాకండి, సిలిండర్ పగిలిద్ది. నా రాజ్‌దూత్ కూడా ఎండాకాలం ఇట్నే బిగుసుకునేది. కాసేపు వదిలెయ్యండి, అదే దిగుద్ది" అన్నారు. మెకానిక్కులు చెప్పేదీ అదే కాబట్టి మారు మాట్లాడకుండా వేపచెట్టు నీడకు బండి తోశాం. కల్లం నిండా ఎర్రగా తేజ రకం కాయలు ఆరబోసి ఉన్నాయి. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు మా తుమ్ములు విని నవ్వు ఆపుకోలేకపోయారు. వాళ్ళలో ఒక్కరూ తుమ్మలేదు. పెద్దాయన గోతం పరిచి కూర్చోబెట్టి గుంటూరు యార్డులో రేటు ఎట్లా ఉందని అడిగారు. బెజవాడ నుంచి వచ్చిన మాకు ఆ రేటు తెలియకపోవడం ఆయనకు నచ్చలేదు.

ఇంజిన్ మీద చెయ్యి పెట్టగలిగాక ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొంచెం టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి, కొంతసేపు నాననిచ్చాం. పై గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే చిన్న శబ్దంతో వదిలింది. కార్బురేటర్ విప్పి నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించాం. అలా చేస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు కాస్త ఎక్కువ వస్తుంది. ట్యాంకులో మామూలుకన్నా కొంచెం ఎక్కువ ఆయిల్ కలిపాం. తొక్కగానే తెల్లటి పొగతో స్టార్టయింది. పెద్దాయనకు దణ్ణం పెట్టి కదిలాం. అక్కణ్ణుంచి బావ 50 దాటలేదు, నేను దాటనివ్వలేదు.

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. పాత రోజుల్లో యాత్రికులు ఇక్కడ దర్శనం చేసుకుని నల్లమలలోకి నడిచేవాళ్ళు. మేం కొండ కిందే మజ్జిగ తాగి కదిలాం. దోర్నాలలో పెట్రోలు కొట్టించి అడవిలోకి దిగాం. ఇక్కణ్ణుంచి పెద్దపులుల అభయారణ్యం. రాత్రి 9 దాటితే చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. పాత బండితో వెళ్ళేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి, ఎందుకంటే లోపల ఆగితే ఫోన్ సిగ్నల్ ఉండదు. నిటారు ఘాటు రోడ్డు కాదుగానీ మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. బుల్లెట్ మూడో గేరులో దబదబా ఎక్కింది. తుమ్మలబైలు దగ్గర ఆపి ఆయిల్ చూశాను, చెమర్చాల్సినంతే చెమర్చింది. కోతులు బావ సంచీలోంచి అరటిపళ్ళు లాక్కుపోయాయి.

శ్రీశైలం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. రాత్రే దర్శనం అయింది, పడుకున్నాం. పొద్దున శిఖరం ఎక్కి, డ్యామ్ చూసొచ్చాం. జనవరి కదా, 12 గేట్లూ మూసే ఉన్నాయి. 885 అడుగుల నిండు నీటి గుర్తుకు చాలా కిందే ఉంది మట్టం.

దిగేటప్పుడు రెండు బండ్లకూ రెండు రకాల జాగ్రత్త. బుల్లెట్‌కి రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. ఆగకుండా నొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దించాలి, బ్రేకును అప్పుడప్పుడు తాకించాలి. యెజ్డీ కథ వేరు. యాక్సిలరేటర్ మూసి దిగితే పెట్రోలు రాదు, పెట్రోలు లేకపోతే ఆయిలూ రాదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ గీసుకుపోవడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. అందుకే క్లచ్ పట్టి మధ్యమధ్యలో యాక్సిలరేటర్ ఇస్తూ దిగమన్నాను. ఆ రూంరూం చప్పుడుకి అడవి దారంతా మమ్మల్ని వింతగా చూసింది.

తిరుగు దారి మాచర్ల మీదుగా పెట్టుకున్నాం. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దుమ్ములో, లారీల మధ్య, నా క్లచ్ లివరు ఒక్కసారిగా తేలిపోయింది. కేబుల్ చివర నిపుల్ ఊడింది. పక్కన పరిచి ఉన్న కేబుల్ తగిలించి, సర్దుబాటు చేసి, మళ్ళీ బండెక్కేసరికి బావ తాగుతున్న టీ ఇంకా అయిపోలేదు. "మా యెజ్డీకి క్లచ్ పట్టకుండానే గేర్లు పడతాయి బావా" అన్నాడు. నిజమే, దాని గేరు రాడ్డే క్లచ్‌ను వదులు చేస్తుంది. పిస్టన్ సంగతి మాత్రం ఎత్తలేదు.

సత్తెనపల్లి, అమరావతి మీదుగా కరకట్ట పట్టి బ్యారేజీ దాటి ఇల్లు చేరాం. తర్వాత భాయ్ యెజ్డీ సిలిండర్ దించి చూపించాడు. పిస్టన్ ఒక పక్క, సైలెన్సర్ వైపు, నిలువుగా గీతలు. నీటి ఎమెరీ కాగితంతో వాటిని నున్నగా రుద్ది, రింగులు ఆడుతున్నాయో లేదో చూసి, జెట్టు మార్చి బిగించాడు. సిలిండర్‌కు దెబ్బ లేదు. బావ ఉషారెక్కి, వచ్చే వారం అరకు ఘాటుకి వెళ్తాను, బండి రెడీ చెయ్యి అన్నాడు. "అరకు ఎందుకు సార్ ఇప్పుడు? బందరు రోడ్డు ఉంది, ఎత్తు లేదు, పల్లం లేదు. ఒక పదిసార్లు బందరెళ్ళి రండి, 50 దాటొద్దు" అన్నాడు భాయ్, చేతులు కిరోసిన్‌లో కడుక్కుంటూ.