నౌకరీ సైట్‌లో ఏం వెతుకుతున్నానో చూసి అక్క తిట్టింది

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉద్యోగం వెతుక్కుంటూ ఇది నాలుగో నెల. పొద్దున ఇడ్లీ తినేసి లాప్‌టాప్ తెరవడం, నౌకరీలో ‘మాన్యువల్ టెస్టింగ్’ అని కొట్టడం, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందా అని చేత్తో నొక్కి చూసే పని. ఆరేళ్లు చేసింది అదే మరి. కింద సెలీనియం, జావా అని కనిపించిందా, అంటే ఆ పరీక్షలు కోడ్ రాసి నడిపించే ఆటోమేషన్ పని, నేనే దాటేస్తాను. అలా దాటేయగా దాటేయగా రోజుకి రెండో మూడో మిగులుతాయి.

మా రూమ్‌లో అనంతపురం తమ్ముడిది ఇంకో తంతు. బ్రిడ్జి దగ్గర ‘జాబ్ గ్యారంటీ’ బోర్డు చూసి మూడు నెలల కోర్సు చేశాడు, వచ్చినవీ రానివీ అన్నీ రెజ్యూమెలో ఎక్కించాడు, కనిపించిన ప్రతిదానికీ అప్లై కొడతాడు. కాల్స్ బోలెడు. మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ‘అన్నా, కనీసం పిలుస్తున్నారు కదా’ అంటాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒకసారి నేనూ తెగించి ఆటోమేషన్ ఇంటర్వ్యూకి కూర్చున్నా. స్క్రీన్ షేర్ చేయమన్నారు. లాగిన్ బటన్ ఐడీ, అంటే పేజీ కోడ్‌లో దాని పేరు, పేజీ లోడైన ప్రతిసారీ మారుతోంది, ఎలా పట్టుకుంటారు అని ప్రశ్న. నేను క్రోమ్‌లో రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పాత్, అంటే పేజీలో ఆ బటన్ చిరునామా, కాపీ కొట్టి పెట్టా, అందులోనూ ఆ మారే ఐడీనే ఉంది, ఇంటర్వ్యూ చేసేవాయన రిఫ్రెష్ చేయమన్నారు, బటన్ గల్లంతు. ‘ఐడీలో మారని ముక్క ఉంది కదండీ, కంటెయిన్స్ వాడొచ్చుగా’ అన్నారు నెమ్మదిగా. ఐడీలో ఫలానా ముక్క ఉన్నదాన్ని పట్టుకో అని చెప్పడమే కంటెయిన్స్, అరలైను సంగతి. ఆ రాత్రి పది నిమిషాల్లో వచ్చేసింది, దీనికా నేను నాలుగు నెలలు భయపడింది అని ఒళ్లు మండింది కూడా.

మొన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే అక్క నా రెజ్యూమె చూసింది. యాప్‌లో చూపించే మొత్తం, టేబుల్‌లో ఉన్న మొత్తం ఒకటేనా అని రోజూ డేటాబేస్‌లో టేబుళ్లను కలిపే జాయిన్లు రాసి సరిచూసేవాణ్ణి, అది పనిలో భాగమే అనుకుని చివరి లైన్లో ఆ జాయిన్లు రాసే భాష పేరు, ‘ఎస్‌క్యూఎల్’ అని ఒక్క మాట పడేశా. ‘ఒరేయ్, రోజంతా చేసిన పని అడుగున పెట్టావేంట్రా, ఈటీఎల్ టెస్టింగ్ అని వెతికావా ఎప్పుడైనా?’ అంది. ఒక చోటి డేటా ఇంకో చోటికి సరిగ్గా చేరిందా అని చూసే పని, ఎక్కువగా ఎస్‌క్యూఎల్లే. వెతకలేదు. ఆ పేరుతో ఉద్యోగాలుంటాయనే తట్టలేదు.

రెజ్యూమెలో ఆ ఎస్‌క్యూఎల్ పని పైకి తెచ్చాక ఈ వారం రెండు కాల్స్ వచ్చాయి. సోమవారం ఒక ఇంటర్వ్యూ, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కావాలట, ప్రస్తుతం అందులో ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ దగ్గర కొట్టుకుంటున్నా. పీజీ అంకుల్ అద్దె కోసం మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఉంటా.