వాన గురించి అడిగితే అప్పు గురించి చెప్పారు

వానల తీరు మారడానికీ పల్లెల నుంచి వలసలకీ ఉన్న సంబంధం తెలుసుకునే ఒక సర్వేలో పనిచేశాను. మొదటి వారం సూటిగా అడిగేదాన్ని: "వానలు సరిగ్గా లేకనే వెళ్లారా?" దాదాపు అందరిదీ ఒకటే జవాబు, "కాదు, అప్పు తీర్చడానికి." ఫారాల్లో 'వర్షం' గడి ఖాళీగా మిగులుతుంటే టెన్షన్ పట్టుకుంది.

ఒక పెద్దావిడ దగ్గర కారణం అడగడం మానేసి, "ఆ ఏడు విత్తనం ఎప్పుడు వేశారమ్మా?" అన్నాను. వేళ్ల మీద వారాలు లెక్కపెడుతూ చెప్పుకొచ్చింది. తొలి వానకే పదును చూసి విత్తారు. తర్వాత మూడు వారాలు చినుకు లేదు, మొలక మాడిపోయింది. రెండోసారి విత్తనాలు అప్పు చేసి తెచ్చారు. పూత మీద మళ్లీ బెట్ట. మిగిలిందేదో కోతకొచ్చేసరికి ముసురు పట్టి, గింజ చేలోనే మొలకెత్తింది. "ఆ అప్పుకే మావాడు వెళ్లాడు" అంది.

అప్పటి నుంచి ప్రతి ఇంట్లో నెలల వారీగా అడిగాను: వాన, విత్తు, అప్పు, ప్రయాణం. తర్వాత వర్షపాతం రికార్డులు తీసి చూస్తే ఆ ఏడాది పడిన మొత్తం వాన మామూలుగానే ఉంది! మొత్తం ఒక్కటే చూసుకుని నేనే ముందు పొరపడ్డాను. ఒక మిల్లీమీటరు వానంటే హెక్టారుకు 10 వేల లీటర్ల నీళ్లు. అవి పైరు అడిగిన వారంలో పడ్డాయా, నాలుగు రోజుల్లో కుండపోతగా కురిసి వాగు పాలయ్యాయా అన్నదాన్ని బట్టే ఇంటి లెక్క తిరగబడుతుంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. కుండపోతలు ముదరడానికి అదొక కారణం. ప్రపంచంలో సాగుభూమి దాదాపు 80 శాతం వర్షాధారమే కాబట్టి ఇది ఏ ఒక్క ఊరి బాధో కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించినవి వలస జాబితాలో లేని ఇళ్లు. వెళ్లడానికైనా దారి ఖర్చులుండాలి, అక్కడ తెలిసినవాళ్లుండాలి. వాతావరణ మార్పుల వల్ల ఇలా కదల్లేక చిక్కుకుపోయేవాళ్ల గురించి బ్రిటన్ ప్రభుత్వ ఫోర్‌సైట్ నివేదిక 2011లోనే హెచ్చరించింది. మా ఫారంలో మాత్రం వాళ్లకు చోటే లేదు.

చివరి వారం ప్రతి ఫారం అడుగున చేత్తో ఒక ప్రశ్న రాసుకున్నాను: "వెళ్లాలనుకుని ఆగిపోయినవాళ్లు ఉన్నారా?" మొదటి ఇంట్లోనే ఉన్నారన్నారు. కొడుకు ప్రయాణానికి దాచిన డబ్బు రెండోసారి విత్తనాలకు పోయిందట.