పార్కింగ్ మీద గంట, దీని మీద రెండు నిమిషాలు

పదేళ్లుగా నార్త్ కరోలినాలో ఉంటున్నా, సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లడం ఇదే మొదటిసారి. పార్కింగ్ మీద గంటసేపు వాదించుకున్నారు. ఎంతోమందిని వ్యసనంలోకి దించి ప్రాణాలు తీసిన నొప్పి బిళ్ల ఆక్సీకాంటిన్. దాన్ని తయారుచేసిన పర్డ్యూ ఫార్మా, ఆ కంపెనీ యజమానులుగా ఉన్న సాక్లర్ కుటుంబం కట్టే 740 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌లో మా ఊరూ చేరాలన్న తీర్మానం మాత్రం రెండు నిమిషాల్లో పాసైపోయింది. ఆ డబ్బూ ఒకేసారి కాదు, 15 ఏళ్లపాటు విడతలవారీగా. 1996లో అమ్మకానికొచ్చిన బిళ్లకి ఇప్పుడా లెక్క తేలేది!

ముందు వరుసలో ఒక పెద్దావిడ ఒళ్లో ఫొటో ఫ్రేమ్ పెట్టుకుని కూర్చున్నారు. ఓటింగ్ అయ్యాక దాన్ని స్వెటర్ అంచుతో తుడిచి సంచిలో పెట్టుకున్నారు.

నాకు మా బాత్రూం అలమర గుర్తొచ్చింది. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు రాసిచ్చిన 30 ఆక్సీకోడోన్ (ఆక్సీకాంటిన్‌లో ఉండే మందే) బిళ్లల్లో నేను వేసుకున్నవి రెండే. మిగతావి నాలుగేళ్లుగా అక్కడే, పిల్లలకి అందే ఎత్తులో. ఇంటికి రాగానే ఆ సీసా తీసి బ్యాగులో పెట్టాను. రేపు ఫార్మసీలో పాత మందులు వేసే పెట్టెలో పడేయాలి.