తాటాకుల లెక్క

ఇంత రాత్రయినా నిద్ర పట్టడం లేదు. అన్నయ్య ఫోన్లో అన్న మాట గుచ్చుతూనే ఉంది. "చెక్కు ఇస్తున్నాం కదా, ఆ చెత్త కూడా ఎందుకు వాళ్ళ నెత్తిన?"

చెత్త అంటే నాన్న దాచిన ఇనప్పెట్టె. వేటపాలెం సారస్వత నికేతనానికి ఇద్దామని సంక్రాంతికే అనుకున్నాం. 1918లో పెట్టిన లైబ్రరీ, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన చోటు. పాత కాగితానికి మా దగ్గర్లో అంతకంటే మంచి చోటు లేదు. అన్నయ్య యాభై వేలు ఇస్తానన్నాడు, సంతోషమే. కానీ ధ్యాసంతా పాలరాతి పలక మీదే. నాన్న పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలి, ముందు 'కీర్తిశేషులు' వేయాలా వద్దా అని ఒకటే గొడవ. పెట్టె మూత తీసి చూసిన పాపాన పోలేదు. వదిన అడ్డుపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పాత పేపర్లవాడికి తూకానికి వేసేసేవాడే.

అందులో ముత్తాతగారి నూలు కొట్టు చిట్టా ఉంది. ఎర్రగుడ్డ అట్ట, పురుగు కొట్టిన అంచులు, పేజీల మధ్య నాయనమ్మ పెట్టిన వేపాకులు పొడిపొడిగా. దుర్మతి నామ సంవత్సరం, చైత్ర బహుళం: తాటాకులు, వెదురు బొంగులు, కొబ్బరి తాడు, బండి బాడుగ. నూలు కొట్టుకి తాటాకులెందుకని చిన్నప్పుడు అడిగితే నాయనమ్మ ఆ మధ్యాహ్నమంతా చెబుతూనే ఉంది. అది 1921. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేస్తే 4 వేల రూపాయలున్న ఊరి మొత్తం పన్ను 40 వేలకు ఎగబాకింది. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు! నాయనమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆయన పెట్టిన వాలంటీర్ల దళం రామదండు కుర్రాళ్ళు వెళుతుంటే వెనకాలే పరుగెత్తేదట. వానకి పాక కురిస్తే వాళ్ళమ్మ చంటివాణ్ణి ఇత్తడి గంగాళంలో పడుకోబెట్టి పైన చాప కప్పేదట.

దీన్నా చెత్త అనేది?

ఇంత రాశాక పలక మీద అంత కోపం అక్కర్లేదేమో అనిపిస్తోంది. పాత లైబ్రరీల గోడల మీద పేర్లు చదివే కదా ఎవరు ఏమిచ్చారో మనకి తెలిసేది. డబ్బు లేకపోతే బైండింగ్, స్కానింగ్ ఎలా అవుతాయి? ఉత్త పెట్టె ఇచ్చి చేతులు దులుపుకుంటే అదీ వాళ్ళకి బరువే. వేయించనీ పలక. నాన్న ఉంటే పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేవారు.

కానీ చిట్టాతో పాటు ఒక కాగితం కూడా వెళ్ళాలి. అది ఎవరిది, కొట్టు ఏ వీధిలో ఉండేది, తాటాకులు ఎందుకు కొన్నారు. అది రాసి పెట్టకపోతే తెరిచిన వాళ్ళకి ఉత్త ఖర్చుల పద్దులా కనిపిస్తుంది. అదే పేజీ కింద కొందరి పేర్లున్నాయి, పక్కన 'పాకకు' అని, మనిషికి రూపాయి చొప్పున. ఇంటిపేర్లు లేవు. పేరాల అత్తయ్యకి తెలిసే ఉంటుంది, ఆవిడకి తొంభై దగ్గర పడుతోంది. ఆవిడ దగ్గర కూర్చుని ఆ పేర్లన్నీ రాసుకున్నాకే పెట్టె పంపుతానని అన్నయ్యకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.